రేకు డబ్బాలో దాచిన క్యాప్సూళ్ళు: ఒక అవ్వకు ఇన్‌హేలర్ నేర్పిన కేసు

అవ్వ సంచిలోంచి ఒక రేకు డబ్బా తీసి, మూత విప్పి నా బల్ల మీద బోర్లించింది. అన్నీ వాడేసిన ఇన్‌హేలర్ క్యాప్సూళ్ళు, మింగేవి కావు, లోపలి పొడిని మిషనుతో పీల్చేవి. "పిలకాయలు తిరిగే ఇల్లు అమ్మాయ్, ఎక్కడ పడేయాలో తెలీక దాచా" అంది. లెక్కపెడితే అరవై ఒకటి ఉన్నాయి. ఆరు వారాలు, రోజుకు రెండు చొప్పున ఎనభై నాలుగు ఉండాలి. ఒక్కోదాన్ని విప్పి నల్ల కాగితం మీద తట్టాను. నలభైకి పైగా క్యాప్సూళ్ళ నుంచి తెల్లటి పొడి రాలింది. ఊపిరితిత్తుల్లోకి పోవాల్సిన మందు అది.

డాక్టరు గారు ఆమెను నా దగ్గరికి పంపింది ఒక ప్రశ్నతో. మందు వాడుతున్నానంటోంది, ఆయాసం మాత్రం తగ్గడం లేదు, ఇంకో మందు కలపాలా? ఆ నల్ల కాగితాన్ని అలాగే తీసుకెళ్ళి ఆయన ముందు పెట్టాను.

నేను ఒంగోలులో ఒక ఛాతీ వ్యాధుల క్లినిక్‌లో క్లినికల్ ఫార్మసిస్టుని. ఇన్‌హేలర్ రాసిన ప్రతి రోగికీ దాన్ని ఎలా వాడాలో నేర్పడం నా పని. వచ్చేవాళ్ళలో ఎక్కువమంది అరవై దాటినవాళ్ళే. ఈ కేసు రాయాలనుకోవడానికి కారణం, ఇందులో మొదటి తప్పు నాదే. అవ్వ, ఆమె కొడుకు ఒప్పుకున్నాకే రాస్తున్నాను. ఆమెను గుర్తుపట్టకుండా కొన్ని వివరాలు మార్చాను.

అవ్వకు 68 ఏళ్ళు. జబ్బు సీఓపీడీ, అంటే ఊపిరి గొట్టాలు సన్నబడి గాలి బయటకు పోవడం కష్టమయ్యే దీర్ఘకాలిక ఊపిరితిత్తుల జబ్బు. కొండపి వైపు ఒక పల్లె. పెళ్ళయినప్పటి నుంచీ పొగాకు పనులే. జనవరి నుంచి ఎండాకాలం దాకా బ్యారన్ (పొగాకు కాల్చే కొట్టం) దగ్గర పచ్చాకు కర్రలకు అల్లడం, కాలిన ఆకు దించడం, ఆ తర్వాత కూర్చుని గ్రేడింగ్ చేయడం. చుట్ట, బీడీ ఎన్నడూ ముట్టలేదు. అయితే నలభై ఏళ్ళకు పైగా గాలి ఆడని వంటింట్లో కట్టెల పొయ్యి ముందు కూర్చుంది. ఇంట్లో గ్యాస్ ఉంది కానీ అది టీకి, కూరకు. అన్నానికి, స్నానాల నీళ్ళకు ఇప్పటికీ చిల్లకంపే. "పొగ తాగని ఆడమనిషికి ఈ జబ్బేంటి మేడం?" అని కొడుకు నన్ను రెండుసార్లు అడిగాడు. పొయ్యి పొగ కూడా పొగే. సీఓపీడీ మగవాళ్ళ జబ్బనీ, చుట్ట తాగేవాళ్ళ జబ్బనీ అనుకోవడం వల్ల ఇలాంటి ఆడవాళ్ళు ఏళ్ళ తరబడి 'ఉబ్బసం' పేరుతో సూదులు వేయించుకుంటూ ఆలస్యంగా వస్తున్నారు.

స్పైరోమెట్రీలో, అంటే గట్టిగా ఊదించి ఊపిరి కొలిచే పరీక్షలో, ఊపిరి గొట్టాలు వెడల్పయ్యే మందు ఇచ్చాక కూడా, మొదటి సెకనులో బయటికొచ్చే గాలికీ (ఎఫ్ఈవీ1) మొత్తం ఊదిన గాలికీ (ఎఫ్‌వీసీ) నిష్పత్తి 0.54. అది 0.70 కన్నా తక్కువుంటే గాలి బయటకు పోవడానికి అడ్డు ఉన్నట్టు. ఎఫ్ఈవీ1 ఆమె వయసుకు, ఎత్తుకు ఉండాల్సిన దాంట్లో 46 శాతం, అంటే సీఓపీడీకి డాక్టర్లు వాడే అంతర్జాతీయ మార్గదర్శకాల (గోల్డ్) లెక్కలో మూడో గ్రేడ్. ఏడాదిలో రెండుసార్లు తిరగబెట్టింది. ఒకసారి అర్ధరాత్రి 108లో ఒంగోలు తెచ్చి నాలుగు రోజులు ఆక్సిజన్ మీద ఉంచారు. రక్తంలో ఇసినోఫిల్స్ అనే తెల్లకణాలు మైక్రోలీటరుకు 300 పైన. రోగి ఇబ్బందిని ఎనిమిది ప్రశ్నలతో కొలిచే క్యాట్ స్కోరు 40కి 27. రామాలయం దాకా నడవాలంటే దారిలో రెండుచోట్ల కూలబడేది.

రాసిన మందులు రెండు. రోజూ రెండు పూటలా, ఊపిరి గొట్టాలు వెడల్పు చేసే ఫార్మోటెరాల్, వాటి వాపు తగ్గించే బుడెసొనైడ్ కలిసిన పొడి క్యాప్సూల్, దాన్ని పీల్చడానికి చిన్న మిషను. ఎగపోసినప్పుడు కొట్టుకోవడానికి, గొట్టాలను త్వరగా వెడల్పు చేసే సాల్బుటమాల్ స్ప్రే.

మొదటిసారి నేను చేసిన తప్పు

ఆగస్టులో వీటిని మొదట నేర్పింది నేనే. ఆ రోజు బయట జనం కిక్కిరిసి ఉన్నారు. మిషను నా చేతిలో పట్టుకుని ఎలా తెరవాలి, ఎలా పీల్చాలి అన్నీ చూపించాను. అవ్వ తలూపింది. "నేను చూసుకుంటాలే మేడం" అన్నాడు కొడుకు. 'నేర్పడమైనది' అని ఫైల్లో రాసేశాను. అవ్వ చేతికిచ్చి ఒక్కసారి కూడా చేయించలేదు.

పెద్దవాళ్ళు తలూపడానికి అర్థం చాలా సార్లు 'అర్థమైంది' అని కాదు. ఎదుటి మనిషి కష్టపడి చెబుతోంది, బయట ఇంకా మంది ఉన్నారు, అర్థం కాలేదంటే బాగుండదు అని. ఆ మర్యాదను చూసి, అవ్వ నేర్చేసుకుందని నేను లెక్కవేసుకున్నాను.

సెప్టెంబరులో డబ్బా తెచ్చిన రోజు ఏమీ చెప్పలేదు. "ఇంట్లో ఎట్లా వాడతావో అట్లాగే చెయ్యి అవ్వా" అని, కుర్చీ పక్కకు జరుపుకుని చూస్తూ కూర్చున్నాను.

మొదట పొడి మిషను. క్యాప్సూల్ సరిగ్గానే వేసింది, మూత సరిగ్గానే మూసింది. తర్వాత మిషను నోట్లో పెట్టుకుని అందులోకే గట్టిగా ఊదింది. 'ముందు గాలి మొత్తం వదలాలి' అని నేనే చెప్పాను, 'మిషను నోటికి దూరంగా పెట్టి' అన్నది ఆమె చెవిన పడలేదు. ఊపిరిలోని తడికి పొడి ముద్దకట్టి క్యాప్సూల్ లోపలే అంటుకుపోతుంది. ఊదాక చాలా మెల్లగా, జాగ్రత్తగా పీల్చింది. పొడి లేవాలంటే గాలి వేగంగా లాగాలి. పైగా క్యాప్సూళ్ళను సీసాలో ఉంచకుండా ఒక స్టీలు గిన్నెలో పోసి, పొయ్యి పక్క అలమరలో పెట్టింది. గంజి ఆవిరి తగిలే చోటు అది.

ఇక స్ప్రే. ఊపలేదు. నోరు పూర్తిగా తెరిచి, గొట్టం నాలుక వైపు వంచి నొక్కింది. తెల్లటి పొగ నోటి పక్కల నుంచి బయటకొచ్చేసింది. అప్పుడు, మందు పోయాక, గబుక్కున గట్టిగా గాలి లాగింది. నొక్కడానికే ఆమెకు కష్టంగా ఉంది. కీళ్ళవాతంతో వేళ్ళు వంకర తిరిగాయి, ఒక్క చేత్తో బలం చాలడం లేదు.

రెండూ చూశాక నాకు విషయం తెలిసింది. స్ప్రేకు నిదానంగా, లోతుగా పీల్చాలి. పొడికి వేగంగా, గట్టిగా లాగాలి. అవ్వ రెండింటినీ తారుమారు చేసింది. మతిమరుపు వల్ల కాదు. ఒకదానికొకటి ఎదురుగా ఉండే రెండు పద్ధతులను ఒకే మనిషికి ఒకే రోజు ఒకే పది నిమిషాల్లో అప్పజెప్పింది మేము. నేను చేసిన పనిలో తప్పు చేయడానికి ఎంత చోటుందో అప్పుడు కనిపించింది.

మాయమైన ఇరవై మూడు డోసుల సంగతీ అడిగాను. "నోరు పూసింది తల్లీ, కారం ముట్టలేకపోయా, అందుకే రాత్రిళ్ళు మానేశా" అంది. టార్చి వేసి చూస్తే అంగిట్లో, నాలుక మీద తెల్లటి మచ్చలు. బుడెసొనైడ్ స్టెరాయిడ్, పీల్చాక నోరు పుక్కిలించి ఉమ్మేయకపోతే కొందరికి ఇలా ఫంగస్ పడుతుంది. పుక్కిలించడం గురించి ఆగస్టులో చెప్పాననే గుర్తు. చివర్లో, ఆమె లేచి నిలబడ్డాక.

మందు పెంచలేదు, పరికరం మార్చాం

పీల్చే వేగం కొలిచే గొట్టంతో మూడుసార్లు ఊపిరి లాగించాను. మంచిగా లాగితే నిమిషానికి 40, 45 లీటర్లు వచ్చింది. పొడి మిషన్లన్నీ ఒకటి కావు. 30 లీటర్లతో నడిచేవి ఉన్నాయి, 60 దాకా కావాల్సినవీ ఉన్నాయి. అవ్వకు ఇచ్చింది గాలికి అడ్డు తక్కువగా ఉండే రకం, దానికి ఆమె వేగం చాలదు. అదీ ఒంట్లో బాగున్న రోజు లెక్క. ఎగపోత వచ్చిన రోజు ఇంకా పడిపోతుంది, మందు ఎక్కువ అవసరమయ్యేదీ ఆ రోజే.

మందును ఆవిరిలా చేసి పీల్పించే నెబులైజర్ మిషను కొనేస్తానన్నాడు కొడుకు. ఆశ ఎక్కడి నుంచి వచ్చిందో తెలుసు. ఆసుపత్రిలో ఆ ఆవిరి పెట్టగానే తల్లి తేరుకోవడం కళ్ళారా చూశాడు. నేను వద్దన్నాను. కరెంటు కావాలి, ప్రతిసారీ పది పదిహేను నిమిషాలు కూర్చోవాలి, కప్పు శుభ్రంగా కడగకపోతే సూక్ష్మక్రిములు చేరతాయి. స్పేసర్ తగిలించిన స్ప్రే సరిగ్గా వాడితే చాలామందికి అంతే పని చేస్తుంది, సంచిలో పట్టుకుని చుట్టాలింటికి కూడా పోవచ్చు.

డాక్టరు గారు మూడో మందు కలపలేదు. క్యాప్సూల్‌లో ఉన్న అవే రెండు మందులను స్ప్రే రూపంలో రాశారు, ఉదయం రెండు పఫ్‌లు (ఒకసారి నొక్కితే వచ్చేది ఒక పఫ్), రాత్రి రెండు, స్పేసర్‌తో. ఇసినోఫిల్స్ ఎక్కువగా ఉండటం, ఏడాదిలో రెండుసార్లు తిరగబెట్టడం వల్ల స్టెరాయిడ్ కొనసాగించారు. నోటికి పూసుకునే మందు విడిగా ఇచ్చారు. పొడి మిషను తీసేయడంతో అవ్వ నేర్చుకోవాల్సింది ఒకే రకం ఊపిరి అయింది.

స్పేసర్ అంటే స్ప్రేకూ నోటికీ మధ్య పెట్టే ఒక బుడ్డి లాంటి గది. మందు ముందు అందులోకి పోతుంది, పెద్ద తుంపరలు గోడలకే ఆగిపోతాయి, సన్నటివి ఊపిరితో లోపలికి వెళతాయి. నొక్కడం, పీల్చడం ఒకే క్షణంలో జరగాల్సిన అవసరం తప్పుతుంది. ముసలివాళ్ళ చేతులకు అది పెద్ద ఊరట.

నేర్పడం

ఈసారి నలభై నిమిషాలు పట్టింది. మందు లేని ఖాళీ స్ప్రే డబ్బాతో మొదలుపెట్టాం. ముందు చేతుల సంగతి చూశాం. మోచేతులు బల్ల మీద ఆనించి, రెండు బొటనవేళ్ళు కింద, రెండు చూపుడువేళ్ళు పైన పెట్టి నొక్కమన్నాను. అప్పుడు డబ్బా సులువుగా దిగింది. తర్వాత పెదాలు. కట్టుడు పళ్ళు ఉన్నాయి కానీ వదులు, మాట్లాడేటప్పుడు కదులుతున్నాయి. గట్టిగా కూర్చునే పళ్ళైతే ఉంచుకోవచ్చు, ఇలాంటివైతే తీసేయాలి. తీసేయించి, చిగుళ్ళ మధ్య గొట్టం పెట్టి చుట్టూ పెదాలు మూయించాను.

కష్టమంతా 'నిదానంగా పీల్చడం' దగ్గర వచ్చింది. "మల్లెపూలు వాసన చూసినట్టు పీల్చవ్వా" అన్నాను. వెంటనే ముక్కుతో పీల్చింది! స్పేసర్‌లోని మందు కదలనే లేదు. నేను చెప్పిన పోలికే తప్పు. "స్ట్రాతో బోండాం నీళ్ళు తాగినట్టు" అన్నాను. బుగ్గలు లోపలికి పోయాయి, ఛాతీ కదల్లేదు. ఆమె నోటితో లాగుతోంది, ఊపిరితో కాదు. ఇద్దరం అలసిపోయి కాసేపు ఆగాం.

అప్పుడు అవ్వకు ఆవలింత వచ్చింది. రాత్రి నిద్ర లేదట. నోరు తెరుచుకుంది, నాలుక కిందికి దిగింది, గొంతు విచ్చుకుంది, గాలి నిదానంగా కడుపు దాకా పోయింది. "ఇదిగో అవ్వా, ఇదే! ఆవలింత ఎట్లా లోపలికి పోయిందో అట్లా, కాకపోతే పెదాలు గొట్టం చుట్టూ మూసి" అన్నాను. రెండోసారికే వచ్చేసింది. ఆ రోజు నుంచి తెలుగు మాట్లాడే పెద్దవాళ్ళందరికీ నేను ఈ మాటే చెబుతున్నాను. మల్లెపూలు వదిలేశాను.

తర్వాత ఊపిరి బిగపట్టడం. పుస్తకంలో పది లెక్కపెట్టేదాకా అని ఉంటుంది. అవ్వకు నాలుగు దాటడం లేదు. ఒక పఫ్‌కు స్పేసర్‌లోనే నిదానంగా నాలుగైదు ఊపిరులు తీసి వదలడమూ సరైన పద్ధతే, కాబట్టి మొదట అలాగే చేయించి, చివరి ఊపిరిని వీలైనంతసేపు బిగపట్టమన్నాను. లెక్కపెట్టడానికి వేళ్ళు ఖాళీ లేవు, రెండు చేతులూ స్ప్రే మీదే ఉన్నాయి. "మా చిన్నోడు లెక్కపెడతాడు మేడం, ఒకటో తరగతి" అంది కోడలు. అలా మనవడికి ఒక పని దొరికింది.

రెండు స్ప్రేలూ చూడ్డానికి ఒకేలా ఉన్నాయి. అవ్వకు చదువు రాదు. కోడలు తన సంచిలోంచి స్టిక్కర్ బొట్ల ప్యాకెట్ తీసి, రోజూ వాడాల్సిన దాని మీద ఎర్రటి పెద్ద బొట్టు అంటించింది. బొట్టున్నది రోజూ రెండు పూటలా, బొట్టు లేనిది ఎగపోసినప్పుడే. చార్టులు, బొమ్మల కాగితాలు ఎన్నో ఇచ్చాను ఇన్నేళ్ళలో, ఇంత తేలిగ్గా ఏదీ పని చేయలేదు.

లేచేముందు అవ్వ గొంతు తగ్గించి అడిగింది: "ఇది అలవాటైతే ఇక మానలేరంట గదమ్మా?" ఈ భయం తీర్చకుండా పంపితే నేర్పిందంతా ఇంట్లో అటకెక్కుతుంది. సాల్బుటమాల్ మాత్ర ఒకటి తీసి పక్కన పెట్టాను. అందులో 4 మిల్లీగ్రాములు, ఒక పఫ్‌లో 100 మైక్రోగ్రాములు. అంటే ఆ ఒక్క మాత్ర నలభై పఫ్‌లతో సమానం. మాత్ర ఒళ్ళంతా తిరుగుతుంది, అందుకే చేతుల వణుకు, గుండెదడ. స్ప్రే నేరుగా పోవాల్సిన చోటికి పోతుంది కాబట్టి కొంచెం చాలు. కళ్ళజోడు పెట్టుకుంటే కళ్ళు అలవాటు పడ్డాయంటామా, కనపడుతుంది కాబట్టి పెట్టుకుంటాం. అవ్వ తన కళ్ళజోడు సర్దుకుని, మాత్రను, స్ప్రేను మార్చి మార్చి చూసింది.

ఇంటికెళ్ళాక

నేను తొమ్మిది మెట్లు గుర్తు పెట్టుకుని మార్కులు వేస్తాను: మూత తీయడం, ఊపడం, గాలి వదలడం, పెదాలు మూయడం, ఒక్క పఫ్ మాత్రమే నొక్కడం, నిదానంగా పీల్చడం, బిగపట్టడం, రెండో పఫ్‌కు అర నిమిషమైనా ఆగి మళ్ళీ ఊపడం, చివర్లో పుక్కిలించడం. సెప్టెంబరులో స్ప్రే పట్టుకున్నప్పుడు తొమ్మిదికి మూడు కూడా నిండలేదు. ఆ రోజు వెళ్ళేటప్పటికి తొమ్మిదికి తొమ్మిది.

వారం తర్వాత కొడుకు ఫోన్‌లో వీడియో పంపాడు. రెండు పఫ్‌లూ ఒకేసారి స్పేసర్‌లోకి కొట్టేసి పీలుస్తోంది, పని తొందరగా అయిపోతుందని. అలా కొడితే తుంపరలు ఒకదానికొకటి అంటుకుని బరువెక్కి గోడలకు పడతాయి. ఫోన్లోనే చెప్పి, మళ్ళీ వీడియో తీయించాను. మూడో వారం వచ్చినప్పుడు మార్కులు ఆరు. ఊపడం మర్చిపోయింది, మధ్యలో ఆగడం మానేసింది, రాత్రి పూట పుక్కిలించడం లేదు. నాకు నిరాశ కలగలేదు. నేర్పినది కొన్ని వారాల్లో జారిపోవడం ఈ పనిలో ఎప్పుడూ చూసేదే, వయసుతో సంబంధం లేకుండా. మళ్ళీ ఖాళీ డబ్బాతో మొదటి నుంచి చేయించాను. పుక్కిలించడానికి ఒక ఉపాయం కోడలే చెప్పింది. స్ప్రే, స్పేసర్ వంటింట్లోంచి తీసి, పళ్ళు తోముకునే చోట బ్రష్షుల పక్కన పెట్టింది.

స్పేసర్ తెమ్మంటే తళతళలాడుతూ తెచ్చారు. రోజూ కడిగి, మెత్తటి గుడ్డతో లోపలంతా తుడుస్తున్నారట. ప్లాస్టిక్‌ను గుడ్డతో రుద్దితే దానికి స్థిర విద్యుత్ పట్టి, మందును గోడలకు లాక్కుంటుంది. వారానికోసారి సబ్బు కలిపిన గోరువెచ్చటి నీళ్ళలో ముంచి తీసి, తుడవకుండా నీడలో ఆరనివ్వమన్నాను. అంత శ్రద్ధగా చేసిన పనిని తప్పనడం కష్టంగా అనిపించింది. గిన్నెలు ఎంత శుభ్రంగా తోముతారో దీన్నీ అంత శుభ్రంగా తోమారు, అంతే.

రెండో నెలలో ఎనిమిది మార్కులు వచ్చాయి, మూడో నెలలోనూ ఎనిమిదే. డిసెంబరులో క్యాట్ స్కోరు 27 నుంచి 17కి దిగింది. సాల్బుటమాల్ రోజుకు ఐదారుసార్లు కొట్టుకునేది, ఇప్పుడు వారానికి రెండు మూడుసార్లు. రామాలయానికి ఆగకుండా పోతోంది, మెల్లగానే. నోరు బాగుపడింది, కారం తింటోంది. ఎఫ్ఈవీ1 మాత్రం 46 నుంచి 48 శాతం, అంతే. దెబ్బతిన్న ఊపిరితిత్తి తిరిగి రాదు, ఆ మాట ఇంట్లో వాళ్ళకు మొదటే చెప్పాం. ఈ మూడు నెలల్లో తిరగబెట్టలేదు కానీ అది మా పనితనం అనడానికి మూడు నెలలు చాలవు. ఫ్లూ టీకా కూడా ఈ మధ్యలోనే వేశారు.

పొయ్యి సమస్య సగమే తీరింది. కొడుకు పొయ్యిని వంటింట్లోంచి పెరట్లోకి, వేపచెట్టు కిందికి మార్చాడు. అన్నం మాత్రం ఇంకా దాని మీదే. కట్టెల అన్నం రుచి వేరంటుంది అవ్వ. పొయ్యి వెలిగించేది, ఊదేది ఇక కోడలు. అంటే పొగ ఇంకో ఆడమనిషి ఊపిరితిత్తుల్లోకి పోతోంది. ఆ అమ్మాయికి 29 ఏళ్ళు. అన్నానికీ గ్యాస్ వాడమని ఆమెకు విడిగా చెప్పాను, ప్రతిసారీ అడుగుతున్నాను.

స్ప్రే ఎప్పుడు అయిపోతుందో తెలుసుకోవడం కోసం కొడుకు దాన్ని నీళ్ళలో వేసి తేలుతుందా అని చూశాడు. ఎవరో చెప్పారట. దాంతో డోసులు తెలియవు, నీళ్ళు పోయి నాజిల్ చెడుతుంది కూడా. డబ్బాలో 120 పఫ్‌లు, రోజుకు నాలుగు, సరిగ్గా ముప్పై రోజులు. నెల మొదట్లో పింఛను రాగానే కొత్తది కొని, క్యాలెండర్‌లో ఆ తేదీకి ఇంకో బొట్టు అంటించమన్నాను.

జనవరిలో బ్యారన్లు వెలుగుతాయి. "ఊరికే ఇంట్లో ఎట్లా కూర్చుంటా, ఆకు అల్లడానికైనా పోతా" అంటోంది అవ్వ. బ్యారన్ పొగ దగ్గరికి వద్దన్నాను. గ్రేడింగ్‌లో లేచే దుమ్ము కూడా మంచిది కాదు. ఆమె ఒప్పుకోలేదు, కాదనీ అనలేదు. కొత్త స్ప్రే తెరిచిన వారంలోనే మళ్ళీ రమ్మన్నాను. స్పేసర్ తడి ఆరాక సంచిలో పెట్టుకుని రావాలి, లెక్కపెట్టే మనవడినీ వెంట తీసుకురావాలి.